తునికి కొమ్మ, లండన్ కుంచె

రండి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకోండి. ఇవాళ మీకొక చెట్టు కొమ్మ చూపించాలి. నిజం కొమ్మ కాదులెండి, బొమ్మ కొమ్మ. రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చొత్తి, ఆ తర్వాత ఎవరో కుంచె పట్టుకుని చేత్తో రంగులద్దిన కొమ్మ. అచ్చయింది 1795లో, లండన్‌లో. చెట్టు మాత్రం అచ్చంగా మనదే. పేరు చెప్పగానే మీలో కొందరికి నోరూరుతుంది, కొందరికి బీడీ వాసన తగులుతుంది. తునికి.

పుస్తకం పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. కోరమాండల్ అంటే మనకిప్పుడు రైలుబండే గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో తెల్లవాళ్లు మన తూర్పు తీరాన్ని అలా పిలిచేవారు. మూడు పెద్ద సంపుటాలు. ఎంత పెద్దవంటే ఒడిలో పెట్టుకుని చదివే రకం కాదు, బల్ల మీద పరిచి నిలబడి చూడాలి. విడతకు 25 బొమ్మల చొప్పున 12 విడతలు, మొత్తం 300 ప్లేట్లు. మొదలైంది 1795లో, ముగిసింది 1820లో. రచయిత మాత్రం 1815లోనే ఎడిన్‌బరోలో కన్నుమూశాడు, పుస్తకం పూర్తవడం చూడనే లేదు. మొదటి ప్లేటు తణుకుది. ఊరు అనుకునేరు, చెట్టు! మన తునికిది 46వ ప్లేటు.

ఆ రచయిత విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండ్ మనిషి. ఎడిన్‌బరోలో వైద్యంతో పాటు మొక్కల పాఠాలూ చదువుకుని, 1776లో ఈస్టిండియా కంపెనీ అసిస్టెంట్ సర్జన్‌గా మద్రాసు వచ్చాడు. 1781 నుంచి మకాం సామర్లకోట. అవునండీ, భీమేశ్వరాలయం ఉన్న సామర్లకోటే, కాకినాడ పక్కది. అక్కడున్న కంపెనీ దండుకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. మనసంతా మొక్కల మీద. మిరియాలు పెంచి చూశాడు. గోదావరి జిల్లాల రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో దగ్గరుండి చూసి రాసుకున్నాడు. అద్దకపు బట్టలకు ఎరుపునిచ్చే చిరివేరు గురించి ఆరా తీశాడు. మురికి నీళ్లు తేరడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసే మన అమ్మమ్మల విద్యను కూడా వదల్లేదు. ఆ చెట్టు బొమ్మ ఈ పుస్తకంలోనే 5వ ప్లేటు. జ్వరానికి సోమిద బెరడు పనికొస్తుందని విని దాన్నీ పరీక్షించాడు. ఇంగ్లీషు వివరణల్లో ‘తెలింగులు దీన్నిలా అంటారు’ అని మన పేర్లు రాసుకుంటూ పోయాడు. పేర్లు చెప్పినవాళ్లు ఎవరో మాత్రం రాయలేదు. కట్టెలు కొట్టేవాళ్లు, పసరు మందులిచ్చేవాళ్లు, పశువులు కాసే పిల్లలు అయ్యుంటారని నా ఊహ.

ఇంత శ్రద్ధ వట్టి ప్రేమ అనుకోకండి. ఆయనకు నిజంగానే ప్రేమ. కంపెనీది వ్యాపారం. ఈ దేశపు అడవిలో ఓడకు పనికొచ్చే కలప ఏది, బట్టకు పనికొచ్చే రంగు ఏది, ఆస్పత్రికి పనికొచ్చే బెరడు ఏది, ఇవీ లండన్ డైరెక్టర్లు వేసే ప్రశ్నలు. బొమ్మలకు డబ్బు ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నారంటే అందుకే. పటం చేతిలో ఉంటే, చెట్టు పేరు తెలియని కొత్త దొర కూడా అడవికెళ్లి దాన్ని పట్టుకోగలడు కదా!

ఆ మధ్యలో 1787 వచ్చింది. గోదావరి తీరం వాళ్ల తాతముత్తాతలు తలుచుకుంటే వణికిన ఏడు. తుపాను, ఉప్పెన కలిసి కోరంగి చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చేశాయి. రాక్స్‌బర్గ్ పుస్తకాలు, రాతలు, ఎండబెట్టి దాచిన మొక్కలు ఆ నీళ్లలో పోయాయి. మరొకరైతే ఓడెక్కి ఇంటికి పోయేవారేమో. ఈయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మనం చూసే బొమ్మలు ఆ రెండో విడత పట్టుదలలోంచి వచ్చినవే.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం. బొమ్మలు రాక్స్‌బర్గ్ వెయ్యలేదు. జీతమిచ్చి ఇక్కడి చిత్రకారులను పెట్టుకున్నాడు. వాళ్ల పేర్లేమిటి, ఏ ఊరివాళ్లు, ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవాళ్లు? పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మూడు వందల బొమ్మలకీ మూలం వాళ్ల చేతులు. పేర్లు అచ్చయింది మాత్రం గీయించినవాడిదీ, అమ్మినవాడిదీ. నాకిది చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కాలం అలాంటిదని సరిపెట్టుకోమంటారు కొందరు. సరిపెట్టుకోను. ఎందుకంటే, కొన్ని దశాబ్దాల తర్వాత అదే మద్రాసు రాజధానిలో రాబర్ట్ వైట్ అనే మరో సర్జన్ తన చిత్రకారుల పేర్లు బొమ్మల కింద అచ్చు వేయించాడు. రంగయ్య, గోవిందు. గోవిందు పేరు మీద ఏకంగా ఒక ఆర్కిడ్ జాతికి లాటిన్ పేరు కూడా పెట్టాడు. తలుచుకుంటే అయ్యే పనే అన్నమాట.

సరే, పేరు లేని మన చిత్రకారుడి ఎదురుగా బల్ల మీద తునికి కొమ్మ పెట్టారనుకోండి. ఆయన ఇబ్బంది ఏమిటో ఆలోచించండి. దేవుడి పటం రాసేటప్పుడు దేవుడు వాడిపోడు. కొమ్మ వాడిపోతుంది. సర్కారు జిల్లాల ఎండలో కోసిన కొమ్మ ఎంతసేపు నిగనిగలాడుతుంది? ఆకు ముడుచుకునేలోపు దాని వాలు పట్టుకోవాలి, రంగు పట్టుకోవాలి. ఎండబెట్టి అట్టకు అంటించిన మొక్క ఎన్నేళ్లయినా ఉంటుంది, నిజమే. కానీ దాని రంగు గోధుమ. పువ్వు తెలుపో పసుపో, పండు ఏ రంగులో మాగుతుందో అది చెప్పదు. అందుకే బొమ్మ కావలసి వచ్చింది.

పైగా పక్కన దొర నిలబడి ఉంటాడు. ‘ఆకు అందంగా వంచావు, బాగుంది. ఈనెలు ఎన్ని వేశావు? వెనకవైపు నూగు ఉంది కదా, అదేది? పువ్వు చీల్చి లోపలి కేసరాలు విడిగా వెయ్యి, పక్కన అంకె వెయ్యి.’ పువ్వు లోపల ఏముందో లెక్కపెట్టి చూపించడం మన పాత చిత్రకళలో ఎవరూ అడగని కోరిక. తామరపువ్వు వేస్తే అది తామర అని తెలిస్తే చాలు. ఇక్కడ అలా కుదరదు. ఏ చెట్టుకు ఏది చుట్టమో అప్పట్లో తేల్చేది ఎక్కువగా ఆ కేసరాల లెక్కతోనే. పాపం ఆ చిత్రకారుడు కొత్త విద్య నేర్చుకున్నాడు. నేర్చుకున్నా పాత చెయ్యి పూర్తిగా పోలేదు. ఆ పుస్తకంలో చాలా ప్లేట్లలో కొమ్మ కాగితం అంచుల దాకా నిండుగా పరుచుకుని, ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా ముచ్చటగా సర్దుకుని కూర్చుంటాయి. అడవిలో ఏ కొమ్మా అంత మర్యాదగా ఉండదు.

ఈ రకం బొమ్మల్లో ఇంకో కిటుకు ఉంది. మొగ్గ, పువ్వు, పిందె, పండు అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. చెట్టుకేమో ఒక్కోదానికి ఒక్కో నెల. కాబట్టి చిత్రకారుడు కొమ్మ ఒక రుతువులో వేసి, పండుకు చోటు వదిలి, అది పండేదాకా ఆగాలి. లేకపోతే పండును విడిగా వేసి మూలన పెట్టాలి. తునికి ఈ విషయంలో దయగల చెట్టు. ఎండాకాలంలో లేత ఆకుతో పాటు పూత వస్తుంది. ఆ పూత కాయై పండడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే ఈ ఏటి పూలు విచ్చే వేళకే నిరుటి కాయలు పండుతుంటాయి. పువ్వునూ పండునూ పక్కపక్కన పెట్టి గీయాలనుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!

పండు ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెబుతాను. గుండ్రటి పసుప్పచ్చ పండు, పెద్ద ఉసిరికాయంత. తొడిమ దగ్గర ఎండిన రేకుల గిన్నె ఒకటి పండును పట్టుకుని వదలదు. మీ ఊరి సూపర్ మార్కెట్లో ఈమధ్య పర్సిమన్ అని నారింజ రంగు పండు అమ్ముతున్నారు చూశారా? దాని నెత్తిన కూడా అలాంటి గిన్నే ఉంటుంది. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. ఒకటి జపాన్, చైనాల్లో ముద్దుగా పెరిగి ఒళ్లు చేసింది. రెండోది మన కొండల్లో గాలికి పెరిగింది.

ఇక ప్రయాణం. సామర్లకోట నుంచి బొమ్మలు మద్రాసు మీదుగా ఓడెక్కాయి. ఆఫ్రికా కింద నుంచి చుట్టుకుని నెలల తరబడి ప్రయాణం. అలా వెళ్లిన సుమారు 500 బొమ్మల్లోంచి అచ్చుకు ఏవి పనికొస్తాయో ఎంచినవాడు సర్ జోసెఫ్ బ్యాంక్స్, అప్పట్లో ఇంగ్లండులో మొక్కల విషయంలో ఆయన మాటే వేదం. అచ్చు వేయిద్దామని ముందుగా పట్టుబట్టింది విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్. పాముల మీద పెద్ద పుస్తకం రాసిన డాక్టరు ఈయనే. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాలోని కంపెనీ మొక్కల తోటకు అధికారిగా వెళ్లిపోయాడు. అక్కడా బొమ్మలు వేయిస్తూనే పోయాడు. ఆయన వేయించిన మొత్తం రెండున్నర వేలు దాటింది. ఒక జత కలకత్తాలో, ఒక జత లండన్‌లోని క్యూ మొక్కల తోటలో ఉంది.

లండన్‌లో ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పుకుందాం, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. నీటిరంగుల బొమ్మను చూస్తూ చెక్కుడు పనివాడు రాగిరేకు మీద ఉలితో గీతలు తీస్తాడు. గీతల్లో సిరా నింపి, పైపైన ఉన్నది తుడిచేసి, తడిపిన కాగితం పరిచి యంత్రంలో గట్టిగా నొక్కితే గీతల్లోని సిరా కాగితం పీల్చుకుంటుంది. రేకు మీద ఉన్నది అద్దంలోలాగా తిరగబడి పడుతుంది. చెక్కేటప్పుడే తిప్పి చెక్కకపోతే, సామర్లకోటలో ఎడమకు వాలిన కొమ్మ లండన్‌లో కుడికి వాలుతుంది!

ఇంతవరకూ ఉన్నవి నల్ల గీతలే. రంగు పని ఆ తర్వాత. ఆ కాలపు పద్ధతి ఏమిటంటే, ముందు ఒక కాపీకి నేర్పరితో రంగులు వేయిస్తారు. అది మాదిరి. దాన్ని ఎదురుగా నిలబెట్టుకుని రంగులవాళ్లు మిగతావన్నీ నింపుతారు. ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. చాలా చోట్ల వరసగా కూర్చుని ఒకరు ఆకుపచ్చ, ఒకరు కొమ్మల గోధుమ, ఒకరు పండు పసుపు, అలా కాగితం చేతులు మారుతూ పోయేది. లెక్క వేసి చూడండి. ప్లేట్లు 300. వంద కాపీలే అనుకున్నా 30,000 సార్లు ఎవరో ఒకరు కుంచె తడిపి గీత దాటకుండా రంగు నింపాలి. కూలి కాగితాల లెక్కన.

ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందంటారు? అప్పట్లో ఎక్కువగా కలుపుడు రంగే. ప్రష్యన్ నీలం ఒకటి, గాంబోజ్ అనే పసుపు ఒకటి. నీలం బెర్లిన్‌లో 18వ శతాబ్దం మొదట్లో రసాయనాల మధ్య అనుకోకుండా పుట్టింది. పసుపు సయాం, కంబోడియా అడవుల్లో చెట్టు బెరడుకు గాటు పెడితే కారే జిగురు. ఆ జిగురు మందుకూ వాడేవారు, విరేచనాలకు! కాబట్టి కుంచె నోట్లో పెట్టి మొన తీసే అలవాటు ఉన్నవాళ్ల పని అంతే సంగతులు. ఈ పసుపుకు ఇంకో గుణం ఉంది, వెలుతురు తగిలితే పారిపోతుంది. నీలం మిగులుతుంది. అందుకే పాత ప్రింట్లలో కొన్నింట ఆకులు నీలిగా కనిపిస్తాయి. మీ ఇంట్లో అలాంటిది ఏదైనా ఉంటే కిటికీకి ఎదురు గోడ మీద పెట్టకండి, పుణ్యముంటుంది.

రంగులు నింపిన ఆ పిల్లల్లో తునికి చెట్టును చూసినవాళ్లు ఎవరుంటారు? మబ్బు పట్టిన లండన్ వెలుతురులో కూర్చుని మన వైశాఖపు ఎండలో మాగే పండుకు పసుపు పూశారు. మాదిరి ఎలా ఉంటే అలా. ఎక్కడైనా కుంచె తొందరపడి పసుపు గీత దాటిందనుకోండి, నేను భూతద్దం పెట్టి అక్కడే చూస్తాను. ఆ పొరపాటు వంద కాపీల్లో ఒక్కదానికే సొంతం కదా!

భూతద్దం మాట వచ్చింది గనుక చెబుతున్నా, ఎవరైనా మీకు ‘చేతిరంగు పాత ప్రింటు’ అని అమ్మజూపితే మూడు చూడండి. రంగు చుక్కలు చుక్కలుగా ఉంటే అది యంత్రం అచ్చు. చేతిరంగైతే నీళ్లలా పరుచుకుని అంచున కాస్త చిక్కబడుతుంది. బొమ్మ చుట్టూ వేలు పెట్టి తడిమితే రాగిరేకు నొక్కిన పల్లం చిన్న మెట్టులా తగలాలి. మూడోది అమ్మేవాడి ముఖం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి విడి ప్రింట్లలో చాలా వరకు ఒకప్పుడు కుట్టిన పుస్తకంలోవే. పుస్తకం మొత్తంగా అమ్మితే వచ్చే డబ్బు కంటే ఆకుకు ఆకు కోసి చట్రాలు కట్టి అమ్మితే ఎక్కువ వస్తుందని కత్తెర వేశారు. వివరణ ఒక చోటికి, బొమ్మ ఒక చోటికి పోయాయి. ఎవరింటి గోడ మీదైనా అలాంటిది చూసినప్పుడు బాగుందని అంటాను గానీ లోపల చివుక్కుమంటుంది. పుస్తకం చెక్కుచెదరకుండా చూడాలంటే ఇప్పుడు దారి సులువు. కొన్ని గ్రంథాలయాలు పేజీ పేజీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాయి. ఫోనులో కూడా తెరుచుకుంటుంది.

ఫోనులోనే మా మేనత్తకు చూపించాను. ఆవిడది కామారెడ్డి పక్క పల్లె. పెళ్లికి ముందు నుంచి మోకాళ్లు మొరాయించే దాకా బీడీలు చుట్టిన మనిషి.

‘‘ఏంది బిడ్డా ఇది?’’ అంది, ఫోను దూరంగా పట్టుకుని.

‘‘తునికి కొమ్మ అత్తా. రెండు వందల ఏండ్ల కింద గీసిన బొమ్మ.’’

‘‘గీసినోడు మంచిగనే గీసిండు. గని ఆకు పనికిరాదు.’’

‘‘ఎందుకు?’’

‘‘ముదురాకు. ఈనెలు చూడు ఎట్ల తేలినయో. దీన్ని చుడితే ఇరుగుతది. లేతది గియ్యకపోయిండు?’’

నేను నవ్వాను గానీ ఆవిడ నవ్వలేదు. ఆవిడ తనిఖీ చేస్తోంది. ఒక్క క్షణం ఆ చిత్రకారుడి పక్కన నిలబడిన దొరా, మా అత్తా ఒకే ఆకును చూశారనిపించింది. దొరకు ఈనె స్పష్టంగా ఉండాలి, లేకపోతే చెట్టును గుర్తుపట్టలేడు. అత్తకు ఈనె తేలకూడదు, తేలితే బీడీ నిలవదు.

మీలో తెలియనివాళ్లుంటే ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. మాఘ, ఫాల్గుణాల్లో అడవిలో తునికి పొదలు కొట్టేస్తారు. కొట్టిన మోడు నుంచి ఎండలు ముదిరే వేళకు లేత చిగుళ్లు వస్తాయి. ఆ ఆకు కావాలి. తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి కోసుకొస్తారు. మధ్యాహ్నం నీడన కూర్చుని యాభై ఆకుల లెక్కన కట్టలు కడతారు. సాయంత్రం కల్లం దగ్గర లెక్క అప్పజెబుతారు. అక్కడ కట్టలు వరసలు వరసలుగా ఎండలో పరిచి, తిరగేసి, మళ్లీ ఎండబెట్టి సంచులకెత్తుతారు. సంచికి వెయ్యి కట్టలు. పని ఉండేది కొన్ని వారాలే. వానొస్తే అంతా పోయినట్టే. ఆ వారాల డబ్బు మీద ఎన్నో అడవి పల్లెలు విత్తనాలు కొనుక్కుంటాయి, అప్పులు తీర్చుకుంటాయి. 1980లలో ఉత్తర తెలంగాణ అడవుల్లో కట్ట రేటు మీద ఎంత పోరు నడిచిందో ఆ తరం వాళ్లకు చెప్పక్కర్లేదు.

తర్వాత ఆకు ఊరికి చేరుతుంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇంటింటా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. నానబెట్టిన ఆకు, కొలతకు ఒక రేకు ముక్క, కత్తెర, తంబాకు, దారం. రేకు పెట్టి కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. మాటలు మాట్లాడుతూనే, చెయ్యి చూడకుండానే. రోజుకు వెయ్యి దగ్గరికి చేరితేనే చేతికి ఏమైనా వస్తుంది. నడుము పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పొడి పోతుంది. ఈ ఆకే ఎందుకంటే ఎండినా పగలదు, వేలికి లొంగుతుంది, నిలవుంటుంది, అంటించాక మధ్యలో ఆరిపోకుండా కాలుతుంది.

ఇప్పుడు మళ్లీ 46వ ప్లేటు చూడండి. కంపెనీకి కావలసింది ఇందులో ఎక్కడుందో తెలుసా? బొమ్మలోనే లేదు! తునికి చెట్టు బాగా ముదిరితే నడిబొడ్డున చేవ నల్లబడుతుంది, అదే ఎబొనీ కలప. ఆ నలుపు మీద కన్నుతోనే రాక్స్‌బర్గ్ చెట్టుకు డయాస్పైరాస్ మెలనోక్సైలాన్ అని పేరు పెట్టాడు. రెండో ముక్కకు నల్లకట్టె అని అర్థం. కొమ్మ గీస్తే మొద్దు లోపలి నలుపు కనపడదు కదా. వాళ్లకు విలువైనది బొమ్మలోకి రాలేదు. ఆకు మాత్రం గుర్తు పట్టడానికి ఆనవాలుగా, ఊరికే వచ్చింది. మరో వందేళ్లకు, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో, మధ్య భారతంలో బీడీ వ్యాపారులు ఈ ఆకును పట్టుకున్నాక అసలు డబ్బు అందులోంచి వచ్చింది. నల్లకట్టె కోసం వెతికినవాళ్లు పచ్చాకును శ్రద్ధగా రంగులు వేసి మరీ పక్కన పెట్టారు. పాత పేరు మాత్రం వదల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీడీ ఆకు వ్యాపారం మీద ప్రభుత్వం చేసిన నియమాల్లో దీన్ని ‘ఆబ్నూస్ ఆకు’ అన్నారు. ఆబ్నూస్ అంటే ఎబొనీయే. ఆకు కోసేవాళ్లలో ఆ మాట పలికినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఆ బొమ్మలన్నింటినీ ఈ కన్నుతో చూడటం నాకు అలవాటైపోయింది. దేనికోసం గీయించారో వివరణలో ఉంటుంది. దేనికి పనికొచ్చిందో చూడాలంటే వివరణ మూసేసి, చిత్రకారుడు తన పనిగా వేసుకుంటూ పోయిన చోట్లు చూడాలి. ఆకు వెనక నూగు, తొడిమ మడత, ఎవరూ అడగని ఒక చిగురు. దొర చెప్పినవే కాకుండా కంటికి కనపడినవన్నీ వేసినందుకు ఆ పేరు లేని మనిషికి దండం పెట్టాలి.

పండు సంగతి చెప్పకుండా వదిలితే ఊరుకోరు మీరు. ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం, ఉట్నూరు వైపు అడవి ఊళ్ల సంతలకు వెళ్తే అడవి పండ్ల మధ్య వెతకండి. మెత్తగా, పసుప్పచ్చగా ఉన్నది తీసుకోండి. పచ్చిది కొరికారా, వగరుకు నాలుక అంగిలికి అతుక్కుని మాట పెగలదు. బాగా మాగితే తియ్యగా, కాస్త పిండిపిండిగా ఉంటుంది. గింజలు ఎక్కువ, గుజ్జు తక్కువ. ఎలుగుబంట్లకు మహా ఇష్టం కాబట్టి చెట్టు కింద పోటీ ఉంటుంది.

ఒకవేళ మీరే అడవిలోకి వెళ్లి, ఎండాకాలంలో నిండుగా ఉన్న తునికి చెట్టు కింద నిలబడి ఎంత వెతికినా ఒక్క పండూ కనపడలేదనుకోండి, ఎవరో దులిపేశారని తిట్టుకోకండి. తునికిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగపూలు గుత్తులుగా, ఆడపువ్వు ఎక్కువగా ఒంటరిగా పూస్తుంది. మగచెట్టు ఎన్నేళ్లున్నా కాయదు. దాని ఆకు మాత్రం ఆడచెట్టు ఆకులాగే ఎండుతుంది, అలాగే చుట్టుకుంటుంది, కల్లం దగ్గర ఏ చెట్టుదని ఎవరూ అడగరు.